బ్యాటరీకీ దాహం వేస్తుంది!

మే నెల. రాత్రి పదకొండున్నర. ఈదురుగాలికి ఎక్కడో చెట్టు కొమ్మ విరిగి తీగల మీద పడింది. వీధంతా చీకటి. 'మనకేంలే... ఇన్వర్టర్ ఉందిగా' అనుకుంటూ ఇంటాయన నిశ్చింతగా అటు ఒత్తిగిలాడు. ఫ్యాను పట్టుమని పది నిమిషాలు తిరిగిందో లేదో, మెట్ల కింద నుంచి 'కీక్... కీక్...' మని అరుపు. ఆ తర్వాత ఫ్యానూ లేదు, లైటూ లేదు. ఇంటిల్లిపాదీ విసనకర్ర కోసం వెతుకులాట! తెల్లారాక మెకానిక్ వచ్చాడు. బ్యాటరీ మూత విప్పి, లోపలికి టార్చి వేసి చూశాడు. 'నీళ్లు పోసి ఎన్నాళ్లయిందండీ?' అనడిగాడు. ఇంటాయన ఇంటావిడ వంక చూశాడు. ఇంటావిడ ఇంటాయన వంక చూసింది.

చాలా ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. గ్యాస్ బండ ఎప్పుడు పెట్టారో క్యాలెండర్ మీద రాసుకుంటారు. పాల లెక్క రాసుకుంటారు. 12 నుంచి 15 వేల రూపాయలు పోసి కొన్న బ్యాటరీని మాత్రం మూలన పడేసి మర్చిపోతారు. సరిగ్గా చూసుకుంటే ఐదారేళ్లు మన్నాల్సింది కాస్తా రెండు మూడేళ్లకే పాత సామాన్ల బండి ఎక్కుతుంది.

ఖాళీగా కూర్చుంటే చేటే!

2012, 2013 సంవత్సరాల్లో తెలుగునాట కరెంటు కోతలు అనుభవించినవాళ్లకు ఇన్వర్టర్ విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. పరిశ్రమలకే 'పవర్ హాలిడే'లు ఇచ్చిన రోజులవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విశాఖవాసులు రోజుల తరబడి చీకట్లో గడిపారు. అప్పట్లో బ్యాటరీలు చాకిరీ ఎక్కువై చచ్చేవి. ఇప్పుడు కోతలు బాగా తగ్గాయి. బ్యాటరీలు పనిలేక పాడవుతున్నాయి!

వింతగా అనిపించినా కారణం ఉంది. బ్యాటరీ లోపల యాసిడ్, నీళ్లు కలిసిన ద్రవం ఉంటుంది. యాసిడ్ బరువు. నెలల తరబడి కదలిక లేకపోతే చిక్కటి భాగం అడుక్కి చేరుతుంది, పల్చటిది పైన తేలుతుంది. కొంత వాడి, మళ్లీ నిండా ఛార్జి చేసినప్పుడు బుడగలు లేచి ఆ ద్రవమంతా కలుస్తుంది. అందుకే కరెంటు పోని ఊళ్లో ఉన్నవాళ్లు నెలకోసారి ఇన్వర్టర్‌కి వెళ్లే మెయిన్ స్విచ్ తామే ఆపి, ఓ గంటో రెండు గంటలో ఫ్యాన్లు దాని మీదే నడిపించి, మళ్లీ ఛార్జింగ్‌కి వదిలేయడం మంచిది. మనిషికి నడక ఎలాగో దానికి ఇదలాగ.

సీసం, గంధకం... మధ్యలో నీళ్లు

ఈ బ్యాటరీ వయసు తక్కువేం కాదు. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే దీన్ని తయారుచేసింది 1859లో. పెట్టెలు మారాయిగానీ లోపలి సూత్రం అదే. ఓ రకం పలకల్లో సీసం, రెండో రకం పలకల్లో సీసం డయాక్సైడ్, వాటి మధ్య పల్చని గంధకామ్లం. కరెంటు వాడుకుంటున్నకొద్దీ రెండు పలకల మీదా సీసం సల్ఫేట్ పేరుకుంటుంది, యాసిడ్ పల్చబడి నీళ్లలా అయిపోతుంది. ఛార్జి చేస్తే అంతా వెనక్కి! ఒక్కో గది రెండు వోల్టుల చొప్పున ఆరు గదులు కలిస్తే మనకు తెలిసిన 12 వోల్టుల బ్యాటరీ.

చిక్కంతా ఆ సల్ఫేట్‌తోనే. తాజాగా ఏర్పడినప్పుడు మెత్తగా ఉంటుంది, ఛార్జి చేయగానే కరిగిపోతుంది. దిగిపోయిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టి పలుకుల్లా మారుతుంది. ఇక ఎంత ఛార్జి చేసినా కరగదు. వేసవి సెలవులకు ఊరెళుతూ ఇంట్లో మెయిన్ ఆపేసి, ఇన్వర్టర్ మాత్రం ఆన్‌లో మర్చిపోయి వెళ్లినవాళ్ల బ్యాటరీలు పోయేది ఇలాగే.

ఇంకో సంగతి. ఛార్జింగ్ చివర్లో కొంత కరెంటు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది. ఆ వాయువులు బయటికి పోతాయి. అంటే తగ్గేది నీళ్లే, యాసిడ్ కాదు. కాబట్టి పోయాల్సిందీ నీళ్లే. 'బలం తగ్గింది, కాస్త యాసిడ్ పోద్దాం' అనే సలహా ఎవరిచ్చినా వినకూడదు.

ఏ నీళ్లు? ఎప్పుడు?

డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు. వాటిలోని లవణాలు పలకలకు పడవు. 'మా ఆర్వో నీళ్లు తేటగా ఉంటాయండీ' అంటారు కొందరు. తాగడానికి తేటవే, బ్యాటరీకి కాదు. ఆర్వో తర్వాతా కొంత లవణం మిగులుతుంది. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టి పోసే పొదుపరులూ ఉన్నారు. కాయిల్ మీది దుమ్ము, లోహపు మరకలు కలిసిన నీళ్లవి. లీటరు డిస్టిల్డ్ వాటర్ ఖరీదుకు ఆశపడి వేల రూపాయల వస్తువుతో చెలగాటమెందుకు?

చాలా బ్యాటరీల మూతలకు నీటిమట్టం చూపే చిన్న ఫ్లోట్లు ఉంటాయి. మామూలు రోజుల్లో రెండు మూడు నెలలకోసారి, ఎండాకాలంలో నెలకోసారి ఆరింటినీ చూడాలి. నిండా ఛార్జి అయ్యాకే గుర్తు వరకూ పోయాలి. ఛార్జి అవుతుంటే ద్రవం పొంగుతుంది... ముందే నింపేస్తే పైకి పొర్లి, నీళ్లతోపాటు యాసిడూ పోతుంది. పలకలే బయటపడి ఉంటే మాత్రం ఆగకుండా, అవి మునిగేంత పోసి ఛార్జికి పెట్టి, మిగతాది తర్వాత నింపాలి.

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండలు తెలిసినవే. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. పడమటి ఎండ తగిలే బాల్కనీలో, రేకుల గదిలో పెట్టడమంటే దాన్ని వేయించడమే.

అలాగని అల్మారాలో పెట్టి తలుపులు బిగించకూడదు. పైన చెప్పిన హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. చోటు లేదని ఇన్వర్టర్‌ని పూజ గూటి కిందో పక్కనో పెట్టే ఇళ్లున్నాయి. పైన దీపం, అగరొత్తులు... కింద హైడ్రోజన్! గాలాడే చోటే దానికి తగినది. మూత విప్పి చూసేటప్పుడు అగ్గిపుల్ల, కొవ్వొత్తి దగ్గరికి రానీయకూడదు.

టర్మినళ్ల దగ్గర తెల్లగానో పచ్చగానో చిలుము పట్టడం మామూలే. అది కరెంటుకు అడ్డం. ఇన్వర్టర్‌నీ, దాని ప్లగ్గునీ ఆపి, ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పాలి. బిగించేటప్పుడు నెగెటివ్ ఆఖర్న. చేతి ఉంగరం, గాజులు, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టాలి. రెండు టర్మినళ్లకూ ఒకేసారి తగిలితే లోహం క్షణంలో ఎర్రగా కాలుతుంది. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో, మూతలు బిగించి ఉంచి, పాత బ్రష్షుతో రుద్దాలి. సోడా చుక్క కూడా లోపలికి వెళ్లకూడదు. తుడిచి ఆరాక, వైర్లు బిగించి పైన కాస్త వాసెలిన్. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. యాసిడ్ కంట్లో పడితే ఆలోచిస్తూ కూర్చోకుండా పదిహేను నిమిషాలపాటు మంచినీళ్లతో కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సగమే మనది

150 ఏహెచ్ బ్యాటరీ అంటే లెక్కకు 1800 వాట్ అవర్లు. అయితే ఎప్పుడూ సగం వరకే వాడుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. ఇన్వర్టర్ తినేది పోగా చేతికొచ్చేది సుమారు 750. 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు, 40 వాట్ల ట్యూబులైట్లు రెండు వేస్తే రెండున్నర గంటలు. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులైతే ఐదున్నర గంటల పైమాటే. పెద్ద బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చడం గురించి ఆలోచించడం నయం.

ఛార్జి ఎంతుందో తెలియాలంటే మల్టీమీటరు చాలు. కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చాక 12.5 వోల్టులో, ఆపైనో ఉంటే నిండుగా ఉన్నట్టు. 12కి దిగితే సగానికి పైగా ఖర్చయినట్టే. హైడ్రోమీటరుంటే ఇంకా మేలు. నిండిన ట్యూబులర్ బ్యాటరీలో ద్రవం సాంద్రత 1.240 దగ్గర ఉంటుంది. ఐదు గదులు బాగుండి, ఒక్కటే బాగా తక్కువ చూపిస్తే ఆ గది చెడుతోందని అర్థం.

అమెరికాలో మనవాళ్లు సెలవుల్లో నడిపే ఆర్‌వీలదీ ఇదే కథ. ఇంజిన్‌ని కదిలించే బ్యాటరీ వేరు, లోపల లైట్లకీ, నీళ్ల పంపుకీ వేరు. మొదటిదాని పలకలు పల్చన, ఒక్కసారిగా బోలెడు కరెంటు ఇస్తాయి. రెండోదానివి మందం, నింపాదిగా గంటల తరబడి ఇస్తాయి. మన ట్యూబులర్ బ్యాటరీ ఈ రెండో జాతిదే. కారు బ్యాటరీ తెచ్చి ఇన్వర్టర్‌కి తగిలిస్తే త్వరగా పోయేది అందుకే. చలికాలం షెడ్డులో నిలిపేసిన ఆర్‌వీలో గ్యాస్ లీకేజీని పసిగట్టే చిన్న పరికరం చాలు, వారాల్లో బ్యాటరీని పీల్చేస్తుంది. నిండుగా ఉన్న బ్యాటరీ మైనస్ 60 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోయినది మైనస్ 10 రాకముందే గడ్డకట్టి పగులుతుంది. అక్కడ శీతాకాలం, ఇక్కడ ఎండాకాలం!

పాతది ఎక్కడికి పోతోంది?

ఎంత చూసుకున్నా ఓనాటికి ముసలిదవుతుంది. అప్పుడే అసలు జాగ్రత్త. వీధిలోకొచ్చే పాత సామాన్లవాళ్లు కొందరు బరువు తగ్గుతుందని యాసిడ్‌ని మురుగు కాలువలో ఒంపేస్తారు. పెట్టె పగలగొట్టి, సీసాన్ని ఆరుబయట బొగ్గుల మీద కరిగించే చోట్లకు చేరవేస్తారు. ఆ పొగ, ఆ దుమ్ము చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. మన దేశంలో దాదాపు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉందని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక అంచనా వేసింది. ఇందుకు బ్యాటరీలను ఇష్టారాజ్యంగా కరిగించడం ఓ ముఖ్య కారణమని చెప్పింది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించి శుద్ధికి పంపే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనే దుకాణంలోనే పాతది ఇస్తే ధరలో కొంత తగ్గుతుంది. మూతలు బిగించి, నిటారుగా ఉంచి, యాసిడ్ ఒంపకుండా అప్పగించాలి. 50 కిలోల పైచిలుకు బరువుంటుంది కాబట్టి ఒక్కరే ఎత్తకూడదు.