జననాల తగ్గుదల, యువత అవకాశాలు: అరకు మన్యం ఉదాహరణ

ప్రస్తుత జనన రేట్లే కొనసాగితే ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున ఎంతమంది పిల్లలను కంటుందో తెలిపే అంకెను మొత్తం సంతానోత్పత్తి రేటు అంటారు. ఒక తరం స్థానాన్ని మరో తరం భర్తీ చేయాలంటే ఇది సుమారు 2.1 ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2.6 కాగా, 2019-21 నాటికి నేటి ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు దిగింది. దక్షిణ కొరియాలో 2023లో 0.72కు పడిపోయిన రేటుతో పోలిస్తే మనది నయమే. కానీ దిశ ఒకటే.

ప్రభుత్వ ఆలోచన కూడా తలకిందులైంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994 పంచాయతీరాజ్ చట్టం నిర్దేశించింది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తొలగించింది.

ఈ పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు ఒక ప్రశ్న వేస్తుంటారు: యువత సంఖ్య తగ్గితే పోటీ తగ్గి ఉద్యోగాలు సులభం కావా? ఇందులో సగమే నిజం. రెండో సగం అర్థం కావాలంటే మన్యం యువత ఎక్కువగా ఆశ పెట్టుకునే ఉపాధ్యాయ ఉద్యోగాన్ని చూడాలి.

విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. ఒక బడిలో 80 మంది ఉన్న చోట 55 మంది మిగిలితే ఒక పోస్టు పోతుంది. ఇక్కడ కాలక్రమాన్ని గమనించండి. జననాలు తగ్గిన ఐదారేళ్లకే ఒకటో తరగతి పలచబడుతుంది. ఆ పోస్టు కోసం డీఎస్సీ రాసేవారు మాత్రం ఇరవై ఏళ్లకు పూర్వం, జననాలు ఇంకా ఎక్కువగా ఉన్నప్పుడు పుట్టినవారు. అంటే పోటీదారుల కంటే ముందే పోస్టులు తగ్గుతాయి. మధ్యలో ఉన్న తరం రెండు వైపులా నష్టపోతుంది. పాఠ్యగ్రంథాలు జనాభా లబ్ధి గురించి చెప్పినంతగా ఈ సంధికాలం గురించి చెప్పకపోవడం లోపమని నా అభిప్రాయం.

మన్యంలో దీనికి మరో దెబ్బ తోడైంది. షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. పోస్టుల సంఖ్యతో పాటు వాటి మీద ఉన్న రక్షణ కూడా పోయింది. పిల్లలు తక్కువున్నారని బడులను కలిపేస్తే ఉద్యోగాల కంటే ముందు చదువే దెబ్బతింటుంది. కొండవాలు మీద కిలోమీటరు, తారురోడ్డు మీద కిలోమీటరు ఒకటి కావు కదా.

ఇప్పుడు కాఫీని చూడండి. పాడేరు, అరకు కొండల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగలతో కలిపి పెంచే అరబికా పండు ఒకేసారి పక్వానికి రాదు. శీతకాలంలో విడతలుగా, చేతితో ఏరాలి. ఇది ఇంటిల్లిపాదీ చేసే పని. కుటుంబాలు చిన్నవైతే చేతులు తగ్గుతాయి, కూలి పెరుగుతుంది. మరోవైపు భూమి తక్కువ ముక్కలవుతుంది: రెండెకరాల తోట నలుగురికి పంచితే అరెకరం, ఇద్దరికైతే ఎకరం. 1/70 చట్టం వల్ల ఆ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అటవీహక్కుల చట్టం, 2006 కింద వచ్చిన పట్టా వారసులకు చెందుతుంది కానీ అమ్మకానికి పనికిరాదు. కనుక ఈ లాభం గిరిజన కుటుంబంలోనే నిలిచే అవకాశం ఉంది, చట్టం సరిగా అమలైతే.

మరో ముఖ్యమైన తేడా: బడి పోస్టు ఆ ఊరి పిల్లల సంఖ్య మీద ఆధారపడుతుంది. కాఫీ గిరాకీ అలా కాదు, తాగేవారు ఎక్కడెక్కడో ఉన్నారు. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీ కొంటోంది. పండుగా అమ్మితే ఒక ధర, తొక్క తీసి ఎండబెట్టి అమ్మితే మరో ధర. తొక్క తీయడం, గ్రేడింగు, రుచి పరీక్ష వంటి పనుల్లో శిక్షణ పొందిన యువకుడికి తన గూడెంలో జననాలు తగ్గినా గిరాకీ తగ్గదు.

మైదానంలో వృద్ధులు పెరిగే కొద్దీ నర్సింగు, వృద్ధుల సంరక్షణ పనులకు కూడా గిరాకీ పెరుగుతుంది. అయితే ఆ పని ఎక్కువగా విశాఖపట్నం వంటి నగరాల్లో ఉంటుంది. ఐదుగురు పిల్లల్లో ఒకరు కొండ దిగితే ఇల్లు సర్దుకుంటుంది. ఇద్దరిలో ఒకరు దిగితే తోట, తల్లిదండ్రులు రెండో బిడ్డ మీదే పడతారు. ఆచరణలో ఆ బిడ్డ చాలాసార్లు కూతురే అవుతుంది.

అభ్యాసం: మీ ఊరి ప్రాథమిక పాఠశాలలో గత పదేళ్లుగా ఒకటో తరగతిలో చేరిన పిల్లల సంఖ్యను ప్రధానోపాధ్యాయుల నుంచి సేకరించండి. అదే కాలంలో మీ ప్రాంత ప్రధాన పంట కోతకూలి ఎలా మారిందో పెద్దలను అడిగి రాసుకోండి. రెండు వరుసలను పక్కపక్కన పెట్టి, మీ ఊళ్లో ఇప్పుడు ఇరవై ఏళ్లున్నవారికి ఏ పనిలో గిరాకీ పెరుగుతోందో, ఏ పనిలో తగ్గుతోందో ఒక పేజీకి మించకుండా రాయండి.