ప్రవాహములో పాలిమరు గొలుసు

బెండకాయను తరుగునపుడు కత్తికిని కాయకును నడుమ సన్నని జిగురు తీగ సాగుట అందరును ఎరిగినదే. మంచినీటిని ఎంత లాగినను అట్టి తీగ రాదు. అది బొట్లుగా తెగిపోవును. ఆ జిగురులోను అధికభాగము నీరే. మరి ఈ భేదమునకు కారణమేమి? ఆ నీటిలో కలిసియున్న మిక్కిలి పొడవైన, సులభముగా వంగెడి అణువులే కారణము. వీటినే పాలిమరులు అందురు. పారెడి ద్రవము ఈ అణువులను ఏమి చేయునో, అవి తిరిగి ఆ ద్రవమును ఏమి చేయునో ఈ వ్యాసములో సంగ్రహముగా వివరింప యత్నింతుము.

చిన్న అణువులు వేలకొలదిగా రసాయన బంధములతో కూడి గొలుసులుగా ఏర్పడునని 1920లో జర్మను శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగర్ ప్రతిపాదించెను. ఆనాటి రసాయనికులు పలువురు దీనిని అంగీకరింపలేదు. కాని 1953లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

నిశ్చలమైన నీటిలో ఈ గొలుసు చాచుకొని ఉండదు. చుట్టునున్న నీటి అణువులు ఎడతెగక తాకుచుండుటచే ప్రతి లంకెయు ఒక్కొక్క దిక్కునకు తిరుగును. గొలుసంతయు చిక్కుపడిన నూలుండవలె ముడుచుకొనును. పదివేల లంకెలు గల గొలుసు ఇట్లు ముడుచుకొన్నపుడు దాని రెండు కొనల మధ్య దూరము పదివేల లంకెల పొడవు కాదు. సుమారు నూరు లంకెల పొడవు మాత్రమే. దానిని చాచి విడిచినచో మరల ముడుచుకొనుటకు కొంత కాలము పట్టును. ఈ కాలమును విశ్రాంతి కాలము అందురు. ఇకమీద చెప్పబోవు విషయమునకెల్ల ఇదియే కీలకము.

నీరంతయు ఒకే వేగముతో పారునపుడు గొలుసు దానితోపాటు తేలిపోవునేగాని సాగదు. ఒక కొన వద్ద ఒక వేగము, రెండవ కొన వద్ద మరియొక వేగము ఉన్నపుడే దానిపై లాగుడు కలుగును. ఈ వేగభేదము ముఖ్యముగా రెండు విధములు. కాలువలో గట్టు దగ్గర నీరు మెల్లగను, నడుమ వడిగను పారును. దీనిని కోత ప్రవాహము అందము. వెడల్పైన కాలువ ఇరుకైన తూములో ప్రవేశించుచోట ముందున్న నీరు వెనుకనున్న నీటికంటె వడిగా సాగిపోవును. దీనిని సాగుడు ప్రవాహము అందము.

సాగుడు ప్రవాహమును గూర్చి 1974లో ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త డి జెన్ ఒక ముఖ్యమైన సిద్ధాంతము చెప్పెను. ప్రవాహము సాగదీయు రేటును విశ్రాంతి కాలముతో గుణింపగా వచ్చెడి సంఖ్య సుమారు సగమునకు లోపల ఉన్నంతవరకు గొలుసు ముడుచుకొనియే ఉండును. ఆ హద్దు దాటగానే హఠాత్తుగా విచ్చుకొనును. ఉండ లోపల దాగియున్న లంకెలకు మొదట ప్రవాహపు తాకిడి అంతగా తగులదు. కొంత విచ్చుకొన్నంతనే అవియు బయటపడును, ప్రవాహపు పట్టు పెరుగును, గొలుసు మరింత విచ్చుకొనును.

1997లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున స్టీవెన్ చూ, ఆయన సహచరులు దీనిని కన్నులార చూచిరి. ఒక వైరసు యొక్క డి.ఎన్.ఏ. అణువులకు మెరిసెడి రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క అణువును పరిశీలించిరి. ఒకే ప్రవాహములో, ఒకే పొడవు గల అణువులు సైతము ఒకే తీరున విచ్చుకొనలేదు. ఒకటి త్వరగా, మరియొకటి ఆలస్యముగా, వేరొకటి మధ్యకు మడతపడి సాగినవి. ప్రవాహము తాకిన క్షణమున ఏది ఏ రూపములో ఉండెనో దానినిబట్టియే దాని నడత ఏర్పడినది.

కోత ప్రవాహము సాగదీయుటయేగాక త్రిప్పును కూడ. అందుచే గొలుసు సాగును, పల్టీకొట్టును, ముడుచుకొనును, మరల సాగును. 1999 నాటి ప్రయోగములలో ప్రవాహము ఎంత బలముగా ఉన్నను దాని సగటు పొడవు పూర్తి పొడవులో సగమునకు మించలేదు. కావున ప్రవాహపు వడి ఒక్కటే చాలదు; అది ఏ తీరు ప్రవాహమో కూడ చూడవలెను.

గొలుసులు ప్రవాహమునకు ఊరక లోబడునవి కావు. సుడులతో పారెడి ద్రవములో అతి స్వల్పముగా పాలిమరు కలిపినను గొట్టములో నిరోధము తగ్గునని 1948లో టామ్స్ అను శాస్త్రవేత్త ప్రకటించెను. సాగిన గొలుసులు చిన్న సుడులను అణచుటయే ఇందుకు హేతువు. 1979 నుండి అలాస్కా చమురు గొట్టపు మార్గములో ఈ గుణమును ఉపయోగించిరి.

మన దేహములోను ఈ వ్యవహారము నడచుచున్నది. ఫాన్ విల్లెబ్రాండ్ కారకము అను పొడవైన ప్రోటీను రక్తములో సాధారణముగా ఉండవలె ముడుచుకొని తిరుగును. గాయమైన రక్తనాళములో ప్రవాహపు వేగభేదము హద్దు మీరినపుడు అది దారమువలె విచ్చుకొని, రక్త ఫలకికలను పట్టుకొని, రక్తస్రావమును ఆపుటకు తోడ్పడును. ఈ హఠాత్పరివర్తనను 2007లో ప్రయోగపూర్వకముగా చూపిరి. ఈ ప్రోటీను లోపించినవారికి రక్తము సులభముగా ఆగదు. 1926లో ఫిన్లాండు వైద్యుడు ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ వర్ణించిన వ్యాధి ఇదియే. మరియొక వైపు, కొవ్వు పేరుకొని ఇరుకైన ధమనిలోను ఇట్టి తీవ్ర ప్రవాహమే కలుగును. అచ్చట విచ్చుకొన్న గొలుసు అక్కరలేని గడ్డకు కారణము కాగలదు. ప్రాణమును కాపాడు గుణమే తావు మారినచో ప్రాణాపాయమగును.

భౌతిక, రసాయన, జీవశాస్త్ర విద్యార్థులు వేర్వేరు తరగతులలో చదువు పాఠములు ఈ ఒక్క గొలుసు దగ్గర కలిసికొనుచున్నవి. ఏ ఒక్క శాస్త్రముతోను దీని నడక పూర్తిగా తెలియదు. మా విద్యార్థులు తమ పాఠ్యాంశమునకు పొరుగున ఉన్న పాఠ్యాంశమును కూడ ఆసక్తితో చదువవలెనని మా కోరిక.