తక్కువ వేడితో వేసే తారు రోడ్డు



కంఠేశ్వర్ మొదలు బోధన్ దాకా చెరకు పండించే మీకు రోడ్డు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. 1937లో నెలకొల్పిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడిన తర్వాత చెరకును దూరపు ఫ్యాక్టరీలకు తోలవలసి వచ్చింది. నరికిన చెరకు దారిలో ఆలస్యమైతే బరువూ తగ్గును, చక్కెర పాలూ తగ్గును.

తక్కువ వేడితో తారు వేస్తారట, సరిగా కాగని తారు నిలుస్తుందా అని కొందరు అడుగుతున్నారు. అనుమానం సహజమే. నేను రోడ్ల ఇంజనీరును కాను గాని, తెలిసినంత మేరకు చెబుతాను.

మామూలు పద్ధతిలో తారునూ కంకరనూ సుమారు 150 నుంచి 165 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కలుపుతారు. తారు పలచబడి ప్రతి రాయికీ పట్టాలని అంత వేడి. కొత్త పద్ధతిలో కాగిన తారులోకి కొద్దిగా నీరు చిమ్మి నురుగు తెప్పిస్తారు. లేదా మైనం వంటిదో, సబ్బు గుణం గల మందో కలుపుతారు. అప్పుడు 20 నుంచి 40 డిగ్రీలు తక్కువ వేడికే తారు రాళ్ళకు పట్టుతుంది. యూరపులో 1990ల నాటి నుంచి ఉన్న ఈ పద్ధతికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో తాత్కాలిక మార్గదర్శకాలు వెలువరించింది.

బెల్లం వండేవారికి ఇది ఇట్టే బోధపడుతుంది. పాకం మాడితే బెల్లం నల్లబడి చెడిపోతుంది గదా! తారు కూడా అంతే. ఎక్కువ కాగితే ముదిరి, పెళుసై, తొందరగా పగులుతుంది. వేడి తగ్గిస్తే ఆ ముదురు తగ్గును, ఇంధనం కలిసివచ్చును, పనివారి కళ్ళలోకి పొగ తక్కువ పోవును. లారీలో దూరపు ఊరికి పోయిన మిశ్రమం కూడా రోలరు కింద బాగానే అణుగుతుంది.

చిక్కంతా తేమ దగ్గరనే ఉన్నది. కంకర తడిగా ఉండి, ఆ కొద్ది వేడికి ఆరకపోతే, తారు రాయిని వదిలేస్తుంది. వాన పడ్డ మర్నాడే, కప్పు లేని తడి కంకరతో పని సాగించిన చోటు నేను చూశాను. అక్కడ ఎక్కువ వేడి తారైనా నిలవదు, తక్కువ వేడిది అసలే నిలవదు. అందుకే ముందుగా పరీక్ష చేస్తారు. నీట నానిన నమూనాకు పొడి నమూనా బలంలో కనీసం 80 శాతం మిగలాలి. సున్నం పొడి కలిపితే పట్టు పెరుగుతుంది. మరొక మాట: ముదరని తారు కొత్తలో కాస్త మెత్తన. రోలరు సరిగా తొక్కకపోతే చెరకు ట్రాక్టర్ల చక్రాల జాడ పడిపోతుంది.

కనుక మీ ఊరి రోడ్డు వేసేనాడు కంకర కుప్ప మీద కప్పు ఉందా, నమూనా పరీక్ష అయిందా, మిశ్రమం చల్లారకముందే రోలరు తిరుగుతున్నదా అని పని చూసే ఇంజనీరును మర్యాదగా అడగండి.

ఇక మన వంతు. నల్లరేగడి నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అడుగు కదిలితే పైన ఏ తారు వేసినా ఒక్కటే. మడి నీరు రోడ్డు అంచున నిలవనీయకండి. పక్క కాలువ పూడ్చి పొలంలోకి బాట వేసుకున్నవారు, వానలకు ముందే దాని కింద తూము పెట్టించండి.