నమ్మి నడచి వచ్చువారు

వేసవి మధ్యాహ్నమున తాడేపల్లిగూడెము నుండి పెంటపాటికి కాలినడకననో సైకిలు మీదనో వచ్చువానికి చలివేంద్రము విలువ వేరుగ చెప్పనక్కరలేదు. తాటాకు పందిరి, ఇసుకపై రెండు కుండలు, ముంతతో నీరు పోయు ఒక మనిషి. ఇంతే దాని వైభవము. త్రాగినవాడు పేరడుగడు, పోసినవాడు ఊరడుగడు.

అయితే ఆ కుండ ఒకనాడు నిండియుండి, మరియొకనాడు ఎండియుండినచో? పందిరిని దూరమునుండి చూచి ఆశతో వచ్చినవాడు వట్టి కుండను చూచి పడు బాధ, అచ్చట పందిరియే లేకున్న పడు బాధకంటె హెచ్చు. చిన్న ఉపకారము చేయువారు ముందుగ ఎఱుగవలసినది ఇదియే. దానిని నమ్మి ఎవరో ఒకరు నడచి వచ్చుచుందురు.

ఈ సంగతిని డొక్కా సీతమ్మగారు బాగుగ ఎఱుగుదురు. 1841లో మండపేటలో జన్మించి, వసిష్ఠ గోదావరికి ఆవల కోనసీమలోని లంకల గన్నవరమున కాపురముండి, 1909లో కన్నుమూసిన గృహిణి ఆమె. ఆకలితో గుమ్మమెక్కినవారికి, వేళ కాని వేళయైనను, కులమేదని అడుగక విస్తరి వేసిరి. ఒకమారు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు పల్లకిలో పయనమైరట. త్రోవలో పెండ్లివారి పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, సీతమ్మగారి ఇల్లు వచ్చువరకు ఓర్చుకొండని పెద్దలు ఊరడించుట ఆమె చెవిని పడినది. వెంటనే పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగ ఇల్లు చేరి వంట సిద్ధపఱచిరని జనులు నేటికిని చెప్పుకొందురు. తీర్థయాత్రను మరియొకనాడు చేయవచ్చును. పిల్లల ఆకలి మరియొకనాటికి ఆగదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో బడులయందలి మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. బియ్యము, పప్పు, గ్రుడ్డు ప్రభుత్వపుటుత్తరువు వలన వచ్చును. కాని వరుస చివర కంచము పట్టుకొని, మారు అడుగుటకు సిగ్గుపడి నిలిచిన బాలుని సంగతి ఏ ఉత్తరువులోను ఉండదు. దానిని వడ్డించు తల్లియో, ప్రక్కనున్న ఉపాధ్యాయుడో, తోడి విద్యార్థియో కనిపెట్టవలెను. “ఇంకొక ముద్ద పెట్టించుకో నాయనా” అని మెల్లగ అన్నచో వాని కడుపు నిండును. నలుగురును నవ్వునట్లు అన్నచో ఆ అన్నమే వానికి చేదగును. మఱునాడు వాడు ఆకలి లేదని చెప్పి చెట్టు క్రింద కూర్చుండును.

పెద్ద దానమునకు సిరి కావలెను. చిన్న ఉపకారమునకు కావలసినది అలవాటు. నేడు చిఱునవ్వుతో పలుకరించి, రేపు విసుగుతో తరిమినచో పిల్లవాడు రెండవదానినే జ్ఞాపకముంచుకొనును. అయ్యవారలకును, వారి శిష్యులకును నా మనవి ఒక్కటే. ప్రతి ఉదయమును మనలను నమ్మి ఎవరో నడచి వచ్చుచునే యుందురు. వారు రాకమునుపే కుండ నింపియుంచుదము.