సిస్టర్‌కి అంత విసుగెందుకు?

రాత్రి పదిన్నర. వార్డులో ముప్పై మంచాలు, డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు. ఒక మంచం దగ్గర సెలైన్ అయిపోయింది. ఇంకోచోట ముసలాయన మగతలో చేతికున్న సూది పీకేసుకున్నాడు. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన స్ట్రెచర్ గుమ్మంలో ఆగి ఉంది. అప్పుడే ఎవరో, "సిస్టర్, మా నాన్నకి చలేస్తోందమ్మా, ఇంకో దుప్పటి ఇప్పిస్తారా?" అన్నారు. "ఉన్నవి రెండే చేతులండీ, చూస్తున్నారుగా!" అని ఆమె కసిరింది. ఆ బంధువులు ఊరికి వెళ్లి చెప్పేది ఆ ఒక్క మాటే: "అక్కడి నర్సులకి మంచీ మర్యాదా లేవు."

ఆ కసురు వెనక చాలాసార్లు ఉండేది పొగరు కాదు, బర్నౌట్. ఈ మాటను 1974లో మనస్తత్వ శాస్త్రంలోకి తెచ్చినవాడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్. న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో ఎంతో ఇష్టంగా పనికి చేరినవాళ్లు రానురాను నీరసించి, చిరాకు మనుషులుగా మారడం ఆయన దగ్గరుండి చూశాడు. తర్వాత క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. వాళ్లు పట్టుకున్న లక్షణాలు మూడు. లోపల ఇక ఇవ్వడానికి ఏమీ మిగలలేదనిపించడం మొదటిది. ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం రెండోది. చేసిన పనితో సాధించిందేమీ లేదనిపించడం మూడోది.

నర్సుల విషయంలో ఈ మూడింటి చుట్టూ మన ఇళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ అపోహలు చాలానే పేరుకున్నాయి.

అపోహ: అది అలసటే. రెండు రోజులు సెలవు పెట్టి పడుకుంటే పోతుంది.

వాస్తవం: ఒళ్లు అలిస్తే నిద్రతో తీరుతుంది. బర్నౌట్‌లో సెలవు చివరి రోజు సాయంత్రానికే గుండెల్లో రాయి పడుతుంది. యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటేనే కన్నీళ్లొస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో బర్నౌట్‌కి చోటిచ్చింది కానీ జబ్బుగా కాదు. పనిచోట చాలాకాలంగా ఉన్న ఒత్తిడిని సరిగా పట్టించుకోకపోవడం వల్ల వచ్చే ఉద్యోగ సంబంధ పరిస్థితి అంది. అంటే కారణాన్ని ముందు వెతకాల్సింది డ్యూటీ చార్టులో. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. ఇల్లు, పిల్లలు, పండగ ఏదీ పట్టకుండా దిగులు అన్నిచోట్లా వెంటాడుతుంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి డాక్టరు కావాలి.

అపోహ: రోజూ చావులు చూసి చూసి వాళ్ల మనసు రాయైపోతుంది. వాళ్లకేమీ అనిపించదు.

వాస్తవం: అన్ని అపోహల్లోకీ ఎక్కువ అన్యాయమైనది ఇదే. తెల్లవారుజామున ఒక మంచం మీద ప్రాణం పోతుంది. ఆ శరీరాన్ని శుభ్రం చేసి, దుప్పటి కప్పి, బావురుమంటున్న భార్యను పట్టుకుని కూర్చోబెట్టేది సిస్టరే. పావుగంటలో పక్క మంచం దగ్గరికి వెళ్లి, "రాత్రి బాగా నిద్రపట్టిందా బాబాయ్?" అని నవ్వుతూ అడగాల్సిందీ ఆమే. మధ్యలో ఏడవడానికి చోటు లేదు, టైము అసలే లేదు. లోపలిది దాచిపెట్టి, ఉద్యోగం కోరిన ముఖం పెట్టుకోవడం కూడా ఒక చాకిరీయేనని అమెరికా సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లో రాసింది. ఆమె పరిశీలించింది విమానాల్లో పనిచేసే అమ్మాయిలను. నర్సు పెదవుల మీది నవ్వుకీ ఆ మాట అక్షరాలా సరిపోతుంది. ఆ చాకిరీకి జీతం స్లిప్పులో గడి లేదు.

ఇంకో బరువు ఉంది. ఏం చేయాలో సిస్టర్‌కి తెలుసు, చేసే వీలు లేదు. మంచాన పడ్డ రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుందని నర్సింగ్ స్కూల్లోనే నేర్చుకుంది. ముప్పై మందికి ఇద్దరే ఉంటే ఎవరిని తిప్పగలరు? వారం తర్వాత ఆ పుండుకి డ్రెస్సింగ్ చేసేదీ ఆమే, తప్పు తనదే అనుకునేదీ ఆమే. ఈ క్షోభను నైతిక వేదన అని ఆండ్రూ జేమ్‌టన్ 1984లోనే నర్సింగ్ గురించి రాస్తూ పేరు పెట్టి చెప్పాడు. అది రోజూ పేరుకుంటూ పోతే మనసు తనను తాను కాపాడుకోవడానికి తలుపులేసుకుంటుంది. అప్పటినుంచి సుబ్బారావుగారనే రోగి 'పద్నాలుగో బెడ్' అవుతారు. మనం రాయి అనుకుంటున్నది ఆ మూసిన తలుపునే.

అపోహ: నిజమైన సేవాభావం ఉంటే అలుపు రాదు. బలహీనులకే ఇవన్నీ.

వాస్తవం: చమురు అయిపోయాకే వత్తి కాలుతుంది. మనసుపెట్టి పనిచేసేవాళ్లకే ముప్పు ఎక్కువని ఫ్రాయిడెన్‌బర్గర్ మొదట్లోనే హెచ్చరించాడు. కొత్తగా చేరిన చిన్న వయసువాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని మాస్లాక్ బృందమూ గమనించింది. 'సేవ' అన్న మాట అడ్డుపెట్టి జీతం కోసే అలవాటూ మనకుంది. 2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం రూ.20,000కు తగ్గకూడదంది. మీకు తెలిసిన నర్సమ్మ ఉంటే ఆమెకెంత వస్తోందో అడిగి చూడండి.

అపోహ: యోగా క్లాసు, మోటివేషన్ స్పీచ్ పెట్టిస్తే సరి.

వాస్తవం: ధ్యానం మంచిదే, కాదనను. నైట్ డ్యూటీ దిగి కళ్లు మూతలు పడుతున్నవాళ్లను ఆపి ఒత్తిడిని జయించడమెలా అని పాఠం చెప్పడం మాత్రం క్రూరత్వం. పనిభారం, తన పని మీద తన మాట చెల్లడం, గుర్తింపు, తోటివాళ్ల తోడు, న్యాయం, విలువలు: ఈ ఆరింటిలో పనికీ మనిషికీ పొత్తు కుదరనప్పుడు బర్నౌట్ వస్తుందని మాస్లాక్, మైకేల్ లైటర్ తేల్చారు. ఇందులో ఏ ఒక్కటీ చాప పరిస్తే బాగుపడేది కాదు. వచ్చే వారం నైట్ డ్యూటీయో డే డ్యూటీయో ముందే తెలియడం, పెళ్లికి అడిగిన సెలవు దొరకడం, అందరి ముందూ డాక్టరు అరిచినప్పుడు హెడ్ నర్సు వెనకేసుకురావడం, ఇవి మందులా పనిచేస్తాయి.

అపోహ: అది వాళ్ల బాధ. రోగికేం సంబంధం?

వాస్తవం: లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన రోగులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించింది. ఒక్కో నర్సుకి ఒక్క రోగి పెరిగినకొద్దీ ముప్పై రోజుల్లో రోగి మరణించే అవకాశం 7 శాతం, నర్సు బర్నౌట్‌కి లోనయ్యే అవకాశం 23 శాతం ఎక్కువగా కనిపించాయి. మన భారత నర్సింగ్ మండలి నిబంధన ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. మీరు చివరిసారి వెళ్లిన వార్డును ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

అపోహ: నర్సులను పెంచితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

వాస్తవం: ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లో పగలు నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒక నర్సు ఉండాలని నిబంధన పెట్టింది. మరణాలు తగ్గాయి, డిశ్చార్జ్ అయ్యాక మళ్లీ చేరడాలు పెరగలేదు, పడక మీద ఉండే రోజులూ తగ్గాయి. పెట్టిన ఖర్చుకన్నా మిగిలిందే ఎక్కువ.

అపోహ: జర్మనీకో లండన్‌కో వెళ్లిపోతే తీరిపోతుంది.

వాస్తవం: జీతం సంగతి తీరుతుంది. బర్నౌట్ మాత్రం ధనిక దేశాల్లోనూ ఉంది. పైన చెప్పిన పెన్సిల్వేనియా ఉన్నది అమెరికాలోనే.

అపోహ: బయటికి చెప్పుకుంటే చులకన.

వాస్తవం: ఇద్దరు సిస్టర్లు డ్యూటీ రూములో తలుపేసుకుని పది నిమిషాలు మాట్లాడుకున్నా బరువు దిగుతుంది. అది చాలకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. రాత్రీపగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక మనం. ఆసుపత్రిలో మనవాళ్ల దగ్గర ఉన్నప్పుడు దుప్పటి కప్పడం, నీళ్లు తాగించడం మనమే చేద్దాం. ఇంజెక్షన్ల వేళ సిస్టర్‌ను ఆపొద్దు. ఆమె పేరు కనుక్కుని ఆ పేరుతో పిలుద్దాం. తప్పు జరిగితే ఫిర్యాదు చేయాల్సిందే. కానీ ఆ కాగితం మీద సిస్టర్ పేరు ఒక్కటే రాసి ఊరుకోకండి. ఆ రాత్రి వార్డులో ఎంతమంది రోగులున్నారో, ఎంతమంది సిస్టర్లున్నారో కూడా రాయండి.