గిటార్ స్ట్రాప్ ఎందుకు ఊడుతుంది?

గిటార్ స్ట్రాప్‌కు రెండు చివరలా తోలు ముక్క ఉంటుంది. దానికొక రంధ్రం, రంధ్రాన్ని ఆనుకుని చిన్న చీలిక. చాలా గిటార్ల ఒంటికి రెండుచోట్ల బటన్లు బిగించి ఉంటాయి. ఒక్కోదానికి సన్నటి నడుము, వెడల్పాటి తల. చొక్కా గుండీని కాజాలో దూర్చినట్టు బటన్ తలను చీలికలోంచి దూరిస్తే తోలు వెళ్లి నడుము దగ్గర కూర్చుంటుంది. వేల రూపాయల గిటార్‌కైనా లక్షల గిటార్‌కైనా కంపెనీ నుంచి మామూలుగా వచ్చే ఏర్పాటు ఇంతే. స్ట్రాప్ ఊడకుండా కాపాడేవి తోలు బిరుసు ఒకటి, స్ట్రాప్ లాగే దిక్కు ఇంకొకటి.

దిక్కు సంగతి చాలామంది పట్టించుకోరు. స్ట్రాప్ బటన్‌కు అడ్డంగా లాగుతున్నంతసేపూ తోలు జారదు, లాగుడంతా నడుము మీదే పడుతుంది. బటన్ ఎటు చూస్తోందో స్ట్రాప్ కూడా అటే లాగితే మాత్రం తలకు అడ్డుపడేవి ఆ చీలిక అంచులే. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌కు పై బటన్ కొమ్ము కొసన ఉంటుంది. మామూలుగా వాయించేటప్పుడు అది పక్కకు చూస్తుంది, స్ట్రాప్ పైకి లాగుతుంది, ఏ బాధా లేదు. హుషారు పుట్టి గిటార్‌ను నిటారుగా ఎత్తితే బటన్ కూడా పైకే చూస్తుంది. లాగుడు సరిగ్గా దాని దారిలోకి వస్తుంది. గిబ్సన్ ఎస్‌జీకి పై బటన్ వెనకవైపు, నెక్ ఒంటితో కలిసేచోట ఉంటుంది. అక్కడ స్ట్రాప్ మెలితిరగనిదే భుజం మీదికి రాదు.

బరువు లెక్క చూస్తే భయపడాల్సిందేమీ కనిపించదు. గిబ్సన్ లెస్‌పాల్ తరహా గిటార్ సుమారు 4 కిలోలు, అంటే 39 న్యూటన్లు. స్ట్రాప్ రెండు పాయలూ నిలువుకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో బటన్ మీద పడేది 23 న్యూటన్లు. వాలు 60 డిగ్రీలకు పెరిగితే 39. గెంతి కిందికి దిగే క్షణాన ఇది కొన్ని రెట్లవుతుంది. అయినా బటన్‌ను పట్టుకుని చెక్కలో సరిగా దిగిన స్క్రూకు అదొక లెక్క కాదు.

చాలాసార్లు స్ట్రాప్ ఊడే ఘట్టం వాయించడం ఆపినప్పుడు మొదలవుతుంది. పాటకూ పాటకూ మధ్య కుర్చీలో కూర్చున్నప్పుడో, ఆంప్‌కు కేబుల్ పెట్టడానికి వంగినప్పుడో స్ట్రాప్ వదులవుతుంది. వదులైన తోలు మెలిపడి, చీలిక బటన్ తలమీదికి సగం ఎక్కి ఆగిపోతుంది. పైకి ఏమీ తెలియదు. లేచి నిలబడి చెయ్యి తీయగానే బరువంతా ఆ సగం పట్టు మీద పడుతుంది. నడుమెత్తు నుంచి, అంటే 90 సెంటీమీటర్ల నుంచి పడే గిటార్ 0.43 సెకన్లలో నేలను తాకుతుంది. అప్పటికి దాని వేగం గంటకు 15 కిలోమీటర్లు. చెయ్యి చాచేలోపే అంతా అయిపోతుంది. హైదరాబాద్ హాళ్లలో నేల ఎక్కువగా గ్రానైటో టైల్సో. ఒంటికి సొట్ట పడితే సర్దుకోవచ్చు గానీ, లెస్‌పాల్‌లా హెడ్‌స్టాక్ (తీగల మరలుండే తల) వెనక్కి 17 డిగ్రీలు వంగి ఉండే గిటార్లు నట్ (తీగలు ఆనే చిన్న పట్టీ) వెనకాల విరుగుతాయి. అక్కడ చెక్క పోగులు ఏటవాలుగా తెగి ఉండటమూ, నెక్ వంగకుండా ఉంచే ట్రస్ రాడ్ కోసం తొలిచిన గాడీ కలిసి దాన్ని బలహీనం చేస్తాయి.

ఊడకుండా ఏం చేయాలన్నది గిటార్‌ను బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతంలో గిటార్ మూడు రకాల చేతుల్లో ఉంటుంది. మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం వచ్చి హాస్టళ్లలో దిగిన కుర్రాళ్ల దగ్గర మామూలు అకూస్టిక్. ఆదివారం చర్చిల్లో పాడే బృందాల దగ్గర పికప్ ఉన్న ఎలక్ట్రో అకూస్టిక్. పబ్బుల్లో, పెళ్లి సంగీత్‌లలో వాయించే బ్యాండ్ల దగ్గర ఎలక్ట్రిక్, బేస్. ఒకరికి తప్పనిసరైన బిగింపు ఇంకొకరికి దండగ ఖర్చు.

అకూస్టిక్ బరువు సుమారు 2 కిలోలే. చవక రకాలకు అడుగున ఒక్క బటన్ (ఎండ్‌పిన్) మాత్రమే ఉంటుంది; స్ట్రాప్ రెండో కొసను హెడ్‌స్టాక్‌కు, నట్‌కు పైన, తీగల కిందుగా తాడుతో కట్టుకోవాలి. ముడి సరిగా పడితే అది జారదు. ఎడమచేతికి అడ్డం రావడమే దానితో చిక్కు. నెక్ ఒంటితో కలిసే హీల్‌కు రెండో బటన్ బిగించుకుంటే ఆ బాధ పోతుంది గానీ, కొన్ని గిటార్లకు హీల్ లోపల బోల్టులుంటాయి. అవి ఎక్కడున్నాయో చూడకుండా డ్రిల్లు పెట్టకూడదు; ఇది మరమ్మతు చేసేవారికి అప్పజెప్పాల్సిన పని.

అడుగు ఎండ్‌పిన్‌ది వేరే కథ. చాలా అకూస్టిక్‌లలో దానికి స్క్రూ ఉండదు. కొస సన్నగా చెక్కిన పిన్‌ను రంధ్రంలోకి నొక్కి వదిలేస్తారు. ఒరిపిడే దాన్ని పట్టుకుని ఉంటుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల ఎండకు గాలిలో తేమ బాగా పడిపోతుంది, వానాకాలంలో మళ్లీ పెరుగుతుంది. చెక్క ఆ ప్రకారమే కుంచించుకుపోతూ, ఉబ్బుతూ ఉంటుంది. వర్షాల్లో బిగుతుగా ఉన్న పిన్ మే నెలలో వేళ్లతో లాగితే ఊడివచ్చినా ఆశ్చర్యం లేదు. అలాంటి పిన్‌కు ఎంత ఖరీదైన స్ట్రాప్ తగిలించినా ప్రయోజనం సున్నా. రంధ్రం వాలుకు సరిపోయేలా కాస్త లావుపాటి పిన్‌ను అరగదీసి దించడమే దీనికి మందు.

పిన్ గట్టిగా ఉంటే ఈ తేలిక గిటార్లకు రబ్బరు వాషర్ చాలు. తోలు ఎక్కించాక బటన్ తల మీదుగా వాషర్‌ను సాగదీసి తోలు పైన కూర్చోబెడతారు. తోలు వదులైనా తల మీదికి ఎక్కలేదు. గ్రోల్ష్ అనే డచ్ బీరు సీసా మూతకుండే ఎర్ర రబ్బరు రింగును గిటారిస్టులు ఏళ్ల తరబడి ఇందుకు వాడారు, ఆ తర్వాత గిటార్ సామాన్ల కంపెనీలు అదే ఆకారాన్ని ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టాయి. హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఇచ్చే కుళాయి వాషర్ గట్టిది, తల మీదుగా సాగదు. మెత్తటి రబ్బరే కావాలి. అది కూడా ఎండకు బీటలు వారుతుంది కాబట్టి అప్పుడప్పుడూ మార్చాలి. నైట్రోసెల్యులోజ్ పూత ఉన్న పాత గిటార్లకు రబ్బరు తగిలించి నెలల తరబడి వదిలేస్తే పూత మెత్తబడి మచ్చ పడుతుంది.

ఎలక్ట్రో అకూస్టిక్‌లో కేబుల్ జాకే చాలాసార్లు అడుగు బటన్ పని కూడా చేస్తుంది. దాని గొట్టం మామూలు బటన్ కంటే లావు; స్ట్రాప్ రంధ్రం దాని మీదికి బలవంతంగా ఎక్కాలి. అలా ఒకసారి సాగిన రంధ్రం తర్వాత మామూలు బటన్ మీద నిలవదు. ఒకే స్ట్రాప్‌ను నలుగురు తమ తమ గిటార్లకు తగిలించుకునే చర్చి బృందాల్లో ఈ తిప్పలు ఎక్కువ. స్ట్రాప్ తిప్పుతున్న కొద్దీ జాక్ నట్ వదులై, జాక్ మొత్తం గిరగిరా తిరిగి లోపలి వైర్లు తెగడం ఇంకో తలనొప్పి. స్ట్రాప్‌ను బటన్‌కు తాళంలా పట్టేసే సాధారణ లాక్‌లు ఈ జాక్ మీద పట్టవు. జాక్ మీద నొక్కి బిగించే డి'అడారియో సించ్ ఫిట్ లాంటి క్లిప్పులు ప్రత్యేకంగా దీనికోసం చేసినవి.

ఎలక్ట్రిక్‌కు, అంతకంటే ముఖ్యంగా బేస్‌కు, లాక్ పెట్టడం మేలు. వీటిలో జర్మన్ కంపెనీ షాలర్‌ది, అమెరికన్ కంపెనీ డన్‌లప్‌ది బాగా వాడుకలో ఉన్నాయి. షాలర్ లాక్‌లో స్ట్రాప్‌కు బిగించిన గుర్రపునాడా ఆకారపు లోహపు ముక్క బటన్ మీదికి జారి కూర్చుంటుంది. స్ప్రింగు పిన్ను దాన్ని పట్టేస్తుంది. డన్‌లప్ స్ట్రాప్‌లాక్‌లో బటన్ మధ్య బోలుగా ఉంటుంది. స్ట్రాప్ వైపు ముక్క దానిలోకి దూరి చిన్న ఇనుప గుండ్లతో లోపల పట్టుకుంటుంది, మీట నొక్కితే వదులుతుంది. షాలర్ బటన్లకూ, డన్‌లప్ డ్యూయల్ డిజైన్ బటన్లకూ అవసరమైతే మామూలు స్ట్రాప్ కూడా తగులుతుంది. లాక్ ముక్క బిగించిన స్ట్రాప్ మాత్రం మామూలు బటన్‌కు తగలదు. గిటార్లు చేతులు మారే చోట ఇది ముందే ఆలోచించుకోవాలి.

లాక్ పెట్టగానే నిశ్చింత అనుకుంటే పొరపాటు. పాత షాలర్ నమూనాలో స్ట్రాప్ వైపు ముక్కను పట్టుకునే నట్ వాడగా వాడగా వదులై, ఊడి ఎక్కడో పడిపోతుంది. లాక్ బటన్‌తోనే ఉంటుంది, స్ట్రాప్ విడిగా వస్తుంది. కొత్త ఎస్-లాక్‌లో ఈ లోపాన్ని చిన్న అడ్డ స్క్రూతో సరిచేశారు. పాతది వాడేవారు నట్ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేసుకున్నా సరిపోతుంది. పేరులేని నకళ్లు చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోసినవి, పిన్ను గాడి తొందరగా అరుగుతుంది. అలాంటి లాక్ కంటే మందపాటి తోలు, రబ్బరు వాషర్ నయం. ఎడ్డీ వాన్ హేలెన్ తన ఫ్రాంకెన్‌స్టీన్ గిటార్‌కు బటన్లు తీసేసి గుండ్రటి స్క్రూ కొక్కేలు బిగించి, స్ట్రాప్‌ను వాటికి క్లిప్పులతో తగిలించాడు. అందంగా లేకపోయినా గట్టి పద్ధతే.

ఇక స్క్రూ. దాన్ని వదులు చేసేది ఊపు. స్ట్రాప్ అటూ ఇటూ లాగే కొద్దీ బటన్ మీట కర్రలా స్క్రూను కదిపి చుట్టూ చెక్కను నలిపేస్తుంది. గిటార్ ఒంటి చెక్క పోగులు పొడవునా ఉంటాయి కాబట్టి అడుగు స్క్రూ పోగుల వెంబడే దిగుతుంది. పోగులకు అడ్డంగా దిగిన స్క్రూతో పోలిస్తే దాని పట్టు సగటున ముప్పావు వంతే. బాస్‌వుడ్ లాంటి మెత్తటి చెక్కలో ఇంకా తక్కువ. లాక్‌తో వచ్చే స్క్రూ పాతదానికంటే సన్నగా ఉంటే పాత రంధ్రంలో అది ఊరికే తిరుగుతుంది. అగ్గిపుల్లలకు ఫెవికాల్ పూసి రంధ్రంలో కుక్కడం తాత్కాలికంగా పనికొస్తుంది. గట్టి చెక్క బిరడాను జిగురుతో దించి, ఆరాక, స్క్రూ మరల లోపలి మందానికి సరిపడా కొత్త రంధ్రం చేయడం శాశ్వతమైన పద్ధతి. స్క్రూకు కాస్త సబ్బు రాసి దింపితే సాఫీగా దిగుతుంది. చివర్లో అతిగా బిగిస్తే మరలు చెక్కను కోసేసి మొదటికే మోసం వస్తుంది.

స్ట్రాప్ తోలును కూడా చూసుకోవాలి. చెమటకు నానీ ఆరీ అది మెత్తబడుతుంది, రంధ్రం కోలగా సాగుతుంది. ఫుట్‌పాత్ మీద చెప్పులు కుట్టే వారి దగ్గర దాని మీద కొత్త తోలు ముక్క కుట్టించి, చీలికను చిన్నదిగా కోయించుకోవచ్చు. స్ట్రాప్ నేత పట్టీకి తోలు కలిసే చోట కుట్లు తెగితే ఏ లాకూ ఆదుకోదు. కొత్త బిగింపును పరీక్షించాలంటే గిటార్‌ను మంచం మీద పెట్టి, స్ట్రాప్ పట్టుకుని కొద్దిగా పైకెత్తి, ముందు నెక్ పైకి ఉండేలా, తర్వాత కిందికి ఉండేలా వంచి చూడాలి. తోలు గానీ లాక్ గానీ రెండు దిక్కుల్లోనూ కదలకపోతే చాలు.