ఫిష్ ట్యాంక్ సెటప్: చేపల కంటే ముందు నెల రోజులు ఉత్త నీళ్లే తిప్పాలి

కొత్త ఫోన్ అయితే బాక్స్ ఓపెన్ చేసి, సిమ్ వేసి, అరగంటలో వాడటం మొదలుపెట్టేస్తాం. ఈ మధ్య డెస్క్ సెటప్ ఫొటోల్లో మానిటర్ పక్కన చిన్న ట్యాంక్, అందులో నాలుగు పచ్చని మొక్కలు, గప్పీలు బాగా కనిపిస్తున్నాయి. అవి చూసి ముచ్చటపడి చాలామంది దీన్ని కూడా గ్యాడ్జెట్ లాగే కొనేస్తున్నారు. శనివారం ట్యాంక్, అదే రోజు సాయంత్రం చేపలు, రాత్రికి స్టేటస్. పది పదిహేను రోజులకి చేపలు ఒక్కొక్కటే పైకి తేలడం మొదలవుతుంది. షాప్‌కి వెళ్లి అడిగితే "నీళ్లు పడలేదు సార్, ఇంకో జత తీసుకెళ్లండి" అంటారు. ఆ ఇంకో జత కూడా పోతుంది.

అసలు అక్కడ జరిగేది ఏంటో తెలిస్తే మిగతా సెటప్ అంతా చాలా ఈజీ. అందుకే ఫిల్టర్ ఏది, లైట్ ఏది అనే దానికంటే ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

చేపలు ఎందుకు చచ్చిపోతాయి?

చేప వదిలే వ్యర్థం, తినకుండా అడుగున మిగిలిన మేత, కుళ్లిన ఆకు... ఇవన్నీ చివరికి అమ్మోనియాగా మారతాయి. అమ్మోనియా చేపకి విషం, మొప్పల్ని కాల్చేస్తుంది. చెరువులో అయితే నీళ్లు బోలెడు, దాన్ని తినే బ్యాక్టీరియా కూడా బోలెడు. కొత్త గాజు ట్యాంక్‌లో ఆ బ్యాక్టీరియా దాదాపు ఉండదు. నీళ్లు అద్దంలా తళతళలాడుతుంటాయి, లోపల అమ్మోనియా మాత్రం రోజు రోజుకీ పెరుగుతూ ఉంటుంది. దాన్ని కంటితో చూడలేం.

కొన్ని రోజులకి అమ్మోనియాని తినే ఒక రకం బ్యాక్టీరియా పెరుగుతుంది. అది అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. చేప రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని అది పాడుచేస్తుంది, అంటే నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేపకి ఊపిరాడదు. ఆ తర్వాత ఇంకో రకం బ్యాక్టీరియా వచ్చి నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంతవరకు ఫర్వాలేదు. మొక్కలు కొంత పీల్చుకుంటాయి, వారానికోసారి నీళ్లు మార్చినప్పుడు మిగతాది పోతుంది.

దీన్నే నైట్రోజన్ సైకిల్ అంటారు. ఈ రెండు రకాల బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. శనివారం ట్యాంక్ కొని శనివారమే చేపలు వేస్తే, ఈ 6 వారాల విషం మొత్తం చేప మీదే పడుతుంది. గట్టి చేపలు కొన్ని బతికి బయటపడతాయి. చాలావరకు పడవు.

ఇంకో మాట. నీళ్ల పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే విషపు రూపంలో ఉండే అమ్మోనియా వాటా దాదాపు 10 రెట్లు అవుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల 7 పైనే ఉంటాయి, వేసవిలో గది వేడి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే చల్లటి దేశాల వాళ్ల వీడియోల్లో నడిచిన షార్ట్‌కట్ ఇక్కడ నడవకపోవచ్చు.

ఎంత సైజ్ తీసుకోవాలి?

చిన్నది అంటే బౌల్ కాదు. గుండ్రటి బౌల్‌లో 3, 4 లీటర్లు పడతాయి, ఫిల్టర్ పెట్టే చోటు ఉండదు. అందులో గోల్డ్ ఫిష్ వేసి బర్త్‌డే రిటర్న్ గిఫ్ట్‌గా ఇవ్వడం చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. గోల్డ్ ఫిష్ సరిగ్గా పెంచితే జానెడు దాటి పెరుగుతుంది, పదేళ్లకి పైగా బతుకుతుంది. బౌల్‌లో అది నెలలు కూడా ఉండదు.

బిగినర్స్‌కి నేను చెప్పేది 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంక్. లెక్క వేస్తే 56 లీటర్ల పైచిలుకు. రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 45 లీటర్లు అనుకోండి. నీళ్లు ఎంత ఎక్కువ ఉంటే చిన్న పొరపాటు జరిగినా విషం అంత పలచబడుతుంది, మనకి సర్దుకోవడానికి టైమ్ దొరుకుతుంది. అంటే పెద్ద ట్యాంక్ మెయింటెయిన్ చెయ్యడమే తేలిక. కొత్తవాళ్లందరూ దీనికి రివర్స్‌లో అనుకుంటారు.

నీళ్లు, గాజు, రాళ్లు కలిపి బరువు 70 కిలోల దాకా వస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్న సన్న కాళ్ల కంప్యూటర్ టేబుల్ దీన్ని మొయ్యదు. గట్టి స్టాండ్ మీద, కింద థర్మాకోల్ షీట్ వేసి, లెవెల్ చూసి పెట్టండి. ఫోన్‌లో స్పిరిట్ లెవెల్ యాప్ ఉంటుంది కదా, అది చాలు. కిటికీలోంచి నేరుగా ఎండ పడే చోటు మాత్రం వద్దు, నాచు పట్టేస్తుంది.

హార్డ్‌వేర్

ఫిల్టర్ విషయంలో స్పాంజ్ ఫిల్టర్‌కే నా ఓటు. చిన్న ఎయిర్ పంప్, ఒక పైపు, ఒక స్పాంజ్, అంతే. చూడటానికి అస్సలు బాగోదు, కానీ ఇందులో పాడవ్వడానికి ఏమీ లేదు. నైట్రోజన్ సైకిల్ నడిపే బ్యాక్టీరియా ఎక్కువగా ఈ స్పాంజ్‌లోనే కాపురం పెడుతుంది. అందుకే దీన్ని ట్యాప్ కింద పెట్టి తోమకూడదు, క్లోరిన్ తగిలితే బ్యాక్టీరియా చచ్చిపోయి సైకిల్ మళ్లీ మొదటికొస్తుంది. నీళ్లు మార్చే రోజున ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు. ఎయిర్ పంప్‌ని నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేదా పైపుకి చెక్ వాల్వ్ వెయ్యండి. లేకపోతే కరెంట్ పోయినప్పుడు నీళ్లు పైపులోంచి వెనక్కి వచ్చి పంప్‌లోకి దిగుతాయి.

హీటర్ అందరికీ అవసరం లేదు. విజయవాడ, వైజాగ్ లాంటి చోట్ల గదిలో ఉన్న ట్యాంక్‌కి ఏడాదంతా దాదాపు అక్కర్లేదు. హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు డిసెంబర్, జనవరి రాత్రులకి 50 వాట్ల హీటర్ ఉంటే మంచిది. మన అసలు సమస్య మే నెల. నీళ్లు 32, 33 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గిపోతుంది. పైన మూత తీసి చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ నీటి మీదకి తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐస్ ముక్కలు వెయ్యొద్దు, ఒక్కసారిగా వేడి మారడం చేపకి ఇంకా ప్రమాదం.

కరెంట్ బిల్లు గురించి అడుగుతారు కాబట్టి: 3 వాట్ల ఎయిర్ పంప్ నెలంతా 24 గంటలు తిరిగితే 2 యూనిట్ల చిల్లర. 10 వాట్ల ఎల్ఈడీ రోజుకి 7 గంటలు వెలిగితే ఇంకో 2 యూనిట్లు. హీటర్ రోజులో సగం టైమ్ ఆన్‌లో ఉన్నా నెలకి 18 యూనిట్లు. మీ వైఫై రౌటర్‌తో పోలిస్తే పంప్ ఏమీ కాదు.

లైట్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి షెడ్యూల్ చెయ్యడం మంచి ఐడియా. 6 నుంచి 8 గంటలు చాలు. కానీ ఫిల్టర్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టాలనుకుంటే, కరెంట్ పోయి వచ్చాక అది తిరిగి ఆన్ అవుతుందా లేదా ఆఫ్‌లోనే ఉంటుందా అని యాప్ సెట్టింగ్స్‌లో చూసుకోండి. కొన్ని ఆఫ్‌లోనే ఉండిపోతాయి. మీరు ఆఫీసులో ఉంటారు, ఇక్కడ ట్యాంక్‌లో గాలి ఉండదు. నా సలహా అయితే ఫిల్టర్‌కి మామూలు ప్లగ్గే బెస్ట్. వైర్ ఏదైనా సాకెట్ కంటే కిందకి వంపు తిరిగి మళ్లీ పైకి వచ్చేలా వదలండి, వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. నీళ్లలో చెయ్యి పెట్టేముందు అన్నీ ఆఫ్ చెయ్యడం అలవాటు చేసుకోండి.

ప్రాజెక్టులు చేసే అలవాటున్న వాళ్లకి ఈఎస్‌పీ32 బోర్డు, డీఎస్18బీ20 వాటర్‌ప్రూఫ్ సెన్సర్ తీసుకుంటే వీకెండ్‌లో టెంపరేచర్ లాగర్ తయారవుతుంది. అర డిగ్రీ తేడాతో రీడింగ్ ఇస్తుంది, మనకి అది సరిపోతుంది.

టీడీఎస్ మీటర్‌ని నమ్ముకోవద్దు

ఆర్ఓ ఉన్న ప్రతి ఇంట్లో ఇప్పుడు ఒక టీడీఎస్ మీటర్ ఉంటోంది. దాన్ని ట్యాంక్‌లో ముంచి 300 చూపిస్తోంది, ఓకేనా అని అడుగుతుంటారు. అది నీళ్లలో కరిగిన లవణాల లెక్కని కరెంట్ ప్రవాహం ద్వారా అంచనా వేస్తుంది. అమ్మోనియా ఉందో లేదో చెప్పలేదు. చేపని చంపేంత అమ్మోనియా ఉన్నా టీడీఎస్ అంకెలో పెద్ద తేడా కనపడదు.

మీరు కొనాల్సింది చుక్కలు వేసి రంగు చూసే లిక్విడ్ టెస్ట్ కిట్. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ మూడూ ఉండాలి. లైట్‌కి డబ్బులు తగ్గించుకున్నా దీనికి తగ్గించొద్దు.

ఇక ఏ నీళ్లు పొయ్యాలి? మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే పోతుంది, లేదా షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యొచ్చు. క్లోరమైన్ వాడే చోట మాత్రం నిల్వ ఉంచితే పోదు, చుక్కలే దారి. బోరు నీళ్లకి క్లోరిన్ బాధ లేదు, గట్టిదనం ఉంటుంది. ఉత్త ఆర్ఓ నీళ్లు మాత్రం పొయ్యకండి, వాటిలో ఖనిజాలు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. నీళ్లకి తగ్గ చేపని ఎంచుకోవడం, చేప కోసం నీళ్లు మార్చడం కంటే వంద రెట్లు సులువు.

చేపలు లేని నెల

ట్యాంక్ నింపారు, ఫిల్టర్ ఆన్ చేశారు. ఇప్పుడు మొక్కలు పెట్టండి. జావా ఫెర్న్, అనూబియాస్ బిగినర్స్‌కి బెస్ట్, తక్కువ లైట్‌లోనూ బతుకుతాయి. వాటి అడ్డ కాండాన్ని ఇసుకలో పూడ్చకుండా రాయికి దారంతో కట్టాలి, పూడిస్తే కుళ్లిపోతుంది. హైడ్రిల్లా కూడా బాగా పెరుగుతుంది. స్కూల్ సైన్స్ పుస్తకంలో గరాటు కింద పెట్టి ఆక్సిజన్ బుడగలు చూపించే మొక్క అదే.

తర్వాత రోజూ చిటికెడు చేపల మేత ఖాళీ ట్యాంక్‌లో వెయ్యండి. ఇంట్లో వాళ్లు వింతగా చూస్తారు, పర్లేదు. ఆ మేత కుళ్లి అమ్మోనియా వస్తుంది, దాన్ని తింటూ బ్యాక్టీరియా పెరుగుతుంది. రెండు రోజులకోసారి టెస్ట్ చేసి షీట్‌లో రాసుకోండి. గ్రాఫ్‌లో ముందు అమ్మోనియా లేచి పడుతుంది, దాని వెనకే నైట్రైట్ లేచి పడుతుంది, చివరికి నైట్రేట్ ఎక్కుతుంది. మేత వేస్తున్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా కొన్ని రోజులు సున్నా చూపిస్తూ, నైట్రేట్ కనిపిస్తే ట్యాంక్ రెడీ.

మధ్యలో నీళ్లు పాలలా తెల్లబడొచ్చు. ఇది మామూలే. చాలామంది ఇక్కడే కంగారుపడి మొత్తం నీళ్లు పారబోసి, రాళ్లు, ఫిల్టర్ సబ్బుతో కడిగేస్తారు. మూడు వారాల పని ఐదు నిమిషాల్లో పోతుంది. అలా వదిలేస్తే కొన్ని రోజుల్లో దానంతట అదే తేరుకుంటుంది.

దీన్ని త్వరగా ముగించే నిజమైన చిట్కా ఒక్కటే. ఏడాదిగా ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంక్ ఉన్న ఫ్రెండ్ దగ్గర నుంచి వాడిన స్పాంజ్ తడి ఆరకుండా తెచ్చి మీ ట్యాంక్‌లో పెట్టడం. బ్యాక్టీరియా రెడీమేడ్‌గా వస్తుంది. అప్పుడు కూడా టెస్ట్ మానొద్దు.

ఏ చేపలు?

గట్టి నీళ్లకి గప్పీలు, ప్లాటీలు, మోలీలు సరిపోతాయి. గప్పీల్లో మగవి మాత్రమే తెచ్చుకోండి. ఆడది ఒక్కటి ఉన్నా నెలకోసారి పిల్లలు పెడుతుంది, షాప్‌లోనే గర్భంతో వచ్చి ఉంటుంది కూడా. నియాన్ టెట్రా చూడ్డానికి అదిరిపోతుంది కానీ అమెజాన్ మెత్తటి నీళ్ల చేప, మొదటి ట్యాంక్‌కి వద్దు.

నా ఫేవరెట్ మాత్రం జీబ్రా డేనియో. దక్షిణాసియా వాగుల్లో పుట్టిన చేప, వేడికీ చలికీ బాగా తట్టుకుంటుంది. ప్రపంచవ్యాప్తంగా ల్యాబుల్లో పరిశోధనకి వాడేది దీన్నే. 2013లో దీని జీనోమ్ ప్రచురించినప్పుడు మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఇందులో సరిజోడు ఉందని తేలింది. 6 చేపల గుంపు మన 2 అడుగుల ట్యాంక్‌కి సరిపోతుంది. ఒకేసారి కాకుండా ముందు 3, వారం పోయాక 3 వేస్తే బ్యాక్టీరియాకి కొత్త లోడ్ తట్టుకునే టైమ్ దొరుకుతుంది. కవర్‌ని అలాగే 15, 20 నిమిషాలు నీటి మీద తేలనిచ్చి, కొంచెం కొంచెంగా మన నీళ్లు కలిపి, చివర్లో వలతో చేపని మాత్రమే ట్యాంక్‌లోకి వదలండి.

"ట్యాంక్ క్లీన్ చేస్తుంది" అని షాప్‌లో ఇచ్చే సక్కర్ ఫిష్ మాత్రం తీసుకోవద్దు. వేలెడంత ఉన్నది అడుగు దాటి పెరుగుతుంది, అది క్లీన్ చేసే దానికంటే చేసే చెత్తే ఎక్కువ. పెంచలేక జనం చెరువుల్లో వదిలేస్తే అక్కడ పెరిగి మన నాటు చేపల చోటు ఆక్రమిస్తోంది. జాలరుల వలలు చింపేస్తోంది. పెంచలేకపోతే షాప్‌కి తిరిగి ఇచ్చెయ్యండి, చెరువులో మాత్రం వదలొద్దు.

సంక్రాంతికి ఊరెళ్తే?

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం, రోజుకి ఒకసారి రెండు నిమిషాల్లో తినేసేంత మేత. రెగ్యులర్ పని ఇంతే. పండక్కి నాలుగైదు రోజులు ఊరెళ్తే ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మేత లేకుండా ఉండగలవు. రూమ్మేట్‌కి డబ్బా అప్పజెప్తే జాలితో సగం డబ్బా వేసేస్తాడు, అసలు ప్రమాదం అది. ఆటో ఫీడర్‌లో కూడా తేమకి మేత ఉండకట్టి, ఒకేసారి ముద్దలా పడే అవకాశం ఉంది.

ఎక్కువ భయపడాల్సింది కరెంట్ కోత గురించి. గాలి ఆగితే చేపకే కాదు, స్పాంజ్‌లో బ్యాక్టీరియాకి కూడా ఆక్సిజన్ అందదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంప్‌ని ఆ లైన్‌కి మార్చండి. లేకపోతే యూఎస్‌బీ ఎయిర్ పంప్ కొని పవర్ బ్యాంక్‌కి పెట్టొచ్చు, కానీ కొన్ని పవర్ బ్యాంకులు లోడ్ మరీ తక్కువైతే ఏదో ఫోన్ చార్జ్ అయిపోయిందనుకుని వాటంతటవే ఆఫ్ అయిపోతాయి. ఊరెళ్లేముందు ఒక రాత్రంతా నడిపి చూడండి. పొద్దున లేచేసరికి బుడగలు వస్తుంటే అది పనికొస్తుంది.